ఆట ఎవరిది, అంగడి ఎవరిది?

ఎల్‌.బి.నగర్‌ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌ దాకా ఉన్న హోర్డింగుల్లో ఆడపిల్ల మొహానికి కొదవలేదు. కోచింగ్‌ సెంటర్‌ ర్యాంకు పక్కన ఉంటుంది, నగల దుకాణం హారంతో ఉంటుంది. దగ్గర్లోనే సరూర్‌నగర్‌ ఇండోర్‌ స్టేడియం ఉన్నా, చెమట పట్టిన క్రీడాకారిణి మొహం మాత్రం అరుదు. ఎందుకని వెతుకుతూ క్రీడా, వినోద మార్కెటింగ్‌ చరిత్రలోకి వెళ్ళాను.

ఈ వ్యాపారానికి మూలసూత్రాలు రెండు. ఒకటి, ఆటనో సినిమానో సరుకుగా అమ్మడం: టికెట్లు, ప్రసార హక్కులు. రెండోది, వాటి మీద జనానికున్న అభిమానాన్ని అద్దెకు తీసుకుని మరో సరుకు అమ్మడం. సినిమాహాలు ముందు హీరో కటౌట్‌ మొదటి రకం. అదే హీరో కూల్‌డ్రింక్‌ సీసా పట్టుకుంటే రెండో రకం.

1970లో అమెరికాలో ఒక టెన్నిస్‌ టోర్నీ పురుష విజేతకు 12,500 డాలర్లు, స్త్రీకి 1,500 డాలర్లు ప్రకటించింది. బిల్లీ జీన్‌ కింగ్‌తో పాటు మరో ఎనిమిది మంది నిరసనగా ఒక్కొక్క డాలర్‌ కాంట్రాక్టు మీద సంతకం చేసి, హ్యూస్టన్‌లో వేరే పోటీ ఆడారు. దాన్ని నడిపింది గ్లాడిస్‌ హెల్డ్‌మన్‌ అనే పత్రికా సంపాదకురాలు. స్పాన్సర్‌ ఎవరంటే, స్త్రీల కోసమని 1968లో మార్కెట్లోకి వచ్చిన వర్జీనియా స్లిమ్స్‌ సిగరెట్టు! స్వేచ్ఛనీ పొగనీ ఒకే ప్యాకెట్లో పెట్టి అమ్మారు.

మన దగ్గర 1996 క్రికెట్‌ ప్రపంచకప్‌ పేరే విల్స్‌. అది తయారుచేసే ఐ.టి.సి.కి చీరాలలో ఐ.ఎల్‌.టి.డి. పొగాకు విభాగం ఉండేది. ఆకు గ్రేడింగ్‌ పని ఎక్కువగా చేసింది ఆడవాళ్ళే. ఆటగాళ్ళ చొక్కా మీద పేరెక్కడానికి ముందు ఆ ఆకు వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళింది. 2001లో కంపెనీ క్రికెట్‌ స్పాన్సర్‌షిప్‌ వదులుకుంది. 2003 చట్టం పొగాకు ప్రకటనల్ని నిషేధించింది.

క్రికెట్‌ బోర్డు 1993లోనే ప్రసార హక్కులు అమ్ముకుంది. స్త్రీల క్రికెట్‌ మాత్రం 1973లో ఏర్పడిన వేరే సంఘం చేతిలో, చాలీచాలని డబ్బుతో నడిచి, 2006లో గానీ బోర్డులో కలవలేదు. మన హైదరాబాద్‌ మిథాలీ రాజ్‌ 1999లో అంతర్జాతీయ క్రికెట్లోకి వచ్చి 2022 జూన్‌లో రిటైరయింది. స్త్రీల ప్రీమియర్‌ లీగ్‌ వచ్చింది 2023లో! అయిదు జట్లలో హైదరాబాద్‌ లేదు. పురుషుల జట్టు 2008 నుంచీ ఉంది. దాని మైదానం ఎల్‌.బి.నగర్‌కి దగ్గర్లోని ఉప్పల్‌. మిథాలీ గుజరాత్‌ జట్టుకి మెంటార్‌గా వెళ్ళింది. ప్రసార హక్కుల ధర స్త్రీల మ్యాచ్‌కి 7.09 కోట్లు, పురుషులకి దాదాపు 118 కోట్లు.

"జనం చూడరు, అందుకే డబ్బు రాదు" అంటారు. చూపించనిదాన్ని జనం ఎలా చూస్తారు? 2021లో పి.వి.సింధు టోక్యోలో కాంస్యం గెలవగానే, అనుమతి లేకుండా ఆమె పేరూ ఫోటో వాడుకున్న కంపెనీలకి ఆమె ప్రతినిధులు లీగల్‌ నోటీసులు పంపాల్సి వచ్చింది. విలువ లేదన్న మొహాన్నే మార్కెట్‌ ఉచితంగా వాడుకుంది.

2025 నవంబర్‌లో ప్రపంచకప్‌ గెలిచిన జట్టులో కడప శ్రీచరణి, హైదరాబాద్‌ అరుంధతి రెడ్డి ఉన్నారు. రేపు వాళ్ళ బొమ్మ ఏ ప్రకటనలో కనిపించినా మనం అడగాలి: ఎవరు సంతకం చేశారు, ఎంతకి, ఎన్నాళ్ళకి? సాహిత్యంలో స్త్రీ బొమ్మని ఎవరు గీశారని ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాం కదా.