తలుపు మీద రేకు టికెట్: గ్లాస్గో అద్దె గదుల కథ



కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నలుగురైదుగురం కలిసి రూము తీసుకునేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఒక గదిలో ఎంతమంది ఉండొచ్చు, అది ఎవరు చెప్పాలి అనే గొడవ 160 ఏళ్ల కిందటే స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో నడిచింది. చదువుతుంటే మనకు పరాయి చరిత్ర అనిపించలేదు.

ఆ ఊరి మిల్లుల్లో, ఓడల పనిలో చేరిన కూలీలు ఎవరంటే, ఆలుగడ్డ పంట పోయి కరువుకు ఐర్లాండ్ వదిలొచ్చినవాళ్లు ఒక పక్క. ఇంకో పక్క స్కాట్లాండ్ ఉత్తరాన కొండల్లో గేలిక్ భాష మాట్లాడే జనం. గొర్రెల మేపుకోసం భూస్వాములు వాళ్ల ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. కొండ దిగి, భాష రాని పట్నంలో ఒకే గది ఇంట్లో సంసారం పెట్టారు. అద్దె కట్టలేక ఆ గదిలోనే ఇంకో ఇద్దరిని చేర్చుకునేవాళ్లు.

టైఫస్ జ్వరం పదే పదే ఊరిని చుట్టేస్తుంటే 1862లో చట్టం తెచ్చారు. చిన్న ఇళ్లను కొలిచి, మనిషికి 300 ఘనపుటడుగుల గాలి లెక్కన, ఎంతమంది ఉండొచ్చో ఒక రేకు బిళ్ల మీద రాసి తలుపుకు కొట్టారు. ఎనిమిదేళ్లలోపు పిల్లలు అర మనిషి లెక్క. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న గదైతే ముగ్గురు. (మీ రూము మీరే లెక్క వేసుకోండి.) వీటికి 'టికెట్ ఇళ్లు' అని పేరు పడింది. 1880ల నాటికి ఇలాంటివి 23 వేలకు పైనే.

తనిఖీ అర్ధరాత్రి. ఇన్‌స్పెక్టర్ తలుపు కొడితే ఎక్కువైన మనుషులు మంచాల కింద, అల్మరాల్లో, ఇంటి కప్పు మీద దాక్కునేవాళ్లు. దొరికితే జరిమానా గదిలో ఉన్నవాళ్ల మీదే. గది అద్దెకిచ్చి డబ్బులు తీసుకున్న ఓనరు నిద్ర మాత్రం చెడేది కాదు.

జ్వరం అబద్ధం కాదు, గాలి కావాలన్నదీ తప్పు కాదు. కానీ ఎక్కువైన ఆ ఇద్దరూ ఆ రాత్రి ఎక్కడికి పోవాలి? దానికి చట్టంలో జవాబు లేదు. 1866 చట్టంతో పాత వాడలు కూల్చారు, అక్కడివాళ్లు పక్క వీధుల గదుల్లోకే ఎక్కారు. ఊరి ఆరోగ్య అధికారి జేమ్స్ బర్న్ రస్సెల్ 1888లో ఒక ఉపన్యాసంలో ఒంటిగది బతుకు ఎలా ఉంటుందో చెప్పాడు: చనిపోయిన పిల్ల శవం బల్ల మీద ఉండగానే మిగతా పిల్లలు అదే గదిలో తిని, ఆడి, పడుకునేవాళ్లని. టికెట్లు వచ్చి అప్పటికి పాతికేళ్లు దాటింది.

మార్పు కింది నుంచే వచ్చింది. 1915లో యుద్ధం సాకుతో అద్దెలు పెంచితే, మేరీ బార్బర్ లాంటి ఆడవాళ్లు ముందుండి అద్దె కట్టం అన్నారు. ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లను గుమిగూడి తరిమారు. అదే ఏడాది అద్దెలు పెంచకుండా చట్టం వచ్చింది. 1919 చట్టంతో సర్కారు డబ్బుతో కౌన్సిళ్లు ఇళ్లు కట్టడం పెద్ద ఎత్తున మొదలైంది.

మళ్లీ 1999లో, అదే గ్లాస్గోలో, నేలమాళిగ ఫ్లాటులో మంటలు రేగి ఇద్దరు స్టూడెంట్లు చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు ఉన్నాయి, బయటపడలేకపోయారు. మన వయసు పిల్లలే. 2000 అక్టోబరు నుంచి స్కాట్లాండ్ అంతటా ఇలా పంచుకునే ఇళ్లకు కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి చేశారు. ముందు పెద్ద ఇళ్లకు, 2003 నాటికి వేరువేరు కుటుంబాలవాళ్లు ముగ్గురున్నా సరే. ఈసారి లైసెన్సు తీసుకోవాల్సింది ఓనరు. పొగ అలారం, బయటికి దారి చూపించాల్సింది ఓనరు. లేకపోతే శిక్ష కూడా ఓనరుకే. 1862కీ దీనికీ మాకు కనిపించిన అసలు తేడా ఇదే.

అయినా ఇళ్ల కొరత తీరలేదు. యూనివర్సిటీ ఊరైన సెయింట్ ఆండ్రూస్‌లో, స్థానికులకు ఇళ్లు మిగలడం లేదని, ఇలాంటి లైసెన్సు ఇళ్ల సంఖ్య ఇక పెరగొద్దని 2019లో కౌన్సిల్ తీర్మానించింది. రూము దొరకని స్టూడెంట్లు కొందరు డండీలో ఉండి బస్సులో క్లాసుకు వస్తున్నారు.