కాకి పేరు కాకే పెట్టుకుంది



మొన్న మా మనుమడు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చి, "తాతా, రేవెన్ అంటే ఏంది?" అని అడిగాడు. "కాకి" అన్నాను. "కాకిని క్రో అంటరు గదా!" అన్నాడు. 33 ఏండ్లు ఫైళ్లకు నోట్ వ్రాసినవాణ్ణి, ఈ చిన్న ప్రశ్నకు జవాబు వ్రాయలేకపోయాను. నిఘంటువులు తిరగేశాను. తెలిసిన నాలుగు ముక్కలు మన ప్రత్యేక సంచికకు వ్రాస్తున్నాను.

రేవెన్ కాకి జాతిలో పెద్దది. హిమాలయాల్లోనూ, వాయవ్య భారతంలోని ఎడారి ప్రాంతాల్లోనూ ఉంటుంది గాని మన భిక్నూర్ వైపు ఉండదు. తెలుగులో దానికి బదులు చెప్పే బొంతకాకి మన చెట్ల మీద వాలే నిండు నలుపు కాకి. ఇండ్ల చుట్టూ తిరిగే ఊరకాకికి మెడ బూడిదరంగు. సంస్కృతంలో పెద్ద కాకిని ద్రోణకాకం, కాకోలం అన్నారు. ఇంగ్లీషు బైబిలులో ఏలీయా ప్రవక్తకు ఆహారం తెచ్చిన రేవెన్లు తెలుగు బైబిలులో కాకోలములే. కాకోలమనేది ఒక విషానికి కూడా పేరు!

ఇక మాట పుట్టుక. సంస్కృతంలో కాక, తమిళంలో కాక్కై, కన్నడంలో కాగె, మనకు కాకి. అన్నీ దాని అరుపులే. క్రో, రేవెన్ కూడా అరుపు నుండే పుట్టాయని భాషావేత్తలు అంటారు. అమరకోశంలో కాకికి 'ఆత్మఘోష' అని పేరుంది. తన పేరు తానే చాటుకునేదని అర్థం. కోకిల పిల్లను సాకుతుంది గనుక 'పరభృత్తు', బలి అన్నం తింటుంది గనుక 'బలిభుక్కు'.

మనం మాత్రం తప్పుడు లెక్కలను కాకిలెక్కలంటాం. ఆఫీసులో నేనూ ఎందరి లెక్కలనో అలా ఎగతాళి చేశాను. మా ఇంటామె పోయిన మూడోనాడు పిట్టకు పెట్టి, చెరువుగట్టున రెండు గంటలు నిలబడ్డాం. పిట్ట ముట్టలేదు. ఆమెకు ఏ కోరిక మిగిలిందోనని చుట్టాలు నా దిక్కే చూశారు. చివరకు ఒకటి వాలింది. దానికి రెండు చేతులూ జోడించాను. 2023లో వచ్చిన 'బలగం' సినిమా చూస్తుంటే ఆ గట్టే కండ్ల ముందు మెదిలింది.

ఇప్పుడు రోజూ తినేముందు గోడ మీద ఒక ముద్ద పెడుతున్నాను. అరుపు వినపడగానే మనుమడు లోపలికి కేకేస్తాడు: "తాతా, ఆత్మఘోష వచ్చింది!"