1897 పుణే: ఒక చట్టం, ఒక వైద్యశాల

1897 ఫిబ్రవరిలో ప్లేగును అరికట్టేందుకు బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. పుణేలో ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ ఆధ్వర్యంలో సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు. బెదిరిన జనం రోగులను దాచారు. జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు.

అదే ఏడాది, అదే నగర శివార్లలో సావిత్రీబాయి ఫూలే, వైద్యుడైన కుమారుడు యశ్వంత్ ప్లేగు రోగులకు వైద్యశాల నడిపారు. రోగులను స్వయంగా అక్కడికి చేర్చిన ఆమె మార్చి 10న అదే వ్యాధికి బలయ్యారు.

ఆ చట్టం అధికారికి దావాల నుంచి రక్షణ ఇచ్చింది. రోగి గౌరవం ఊసెత్తలేదు. 2020లో కోవిడ్ వేళ మనం ఆశ్రయించిందీ ఆ చట్టాన్నే. వైద్యసిబ్బందిపై దాడులకు కఠిన శిక్షలు చేర్చాం, అది అవసరమే. రోగి సమ్మతికి, గోప్యతకు మాత్రం ఆ సవరణలోనూ చోటు దక్కలేదు. రోగి నమ్మి రాని చోట ఏ వైద్యమూ మహమ్మారిని ఆపలేదు.