పక్కవాద్యం ముందుకు వచ్చిన కథ

సంగీత చరిత్ర అంటే రాగాల చరిత్ర, రాజపోషణ చరిత్ర అని మనకు అలవాటైపోయింది. వేదిక మీద మధ్యన ఎవరు కూర్చున్నారు, పక్కన ఎవరు కూర్చున్నారు అన్నది కూడా చరిత్రేనని నా అభిప్రాయం.

ఫిడేలు ఐరోపా నుంచి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో బాలుస్వామి దీక్షితులు వంటి వారు దాన్ని కర్ణాటక సంగీతానికి మలుచుకున్నారు. అయినా చాలాకాలం దాని ప్రధాన స్థానం గాయకుని పక్కనే. ఆయన పాడినదాన్ని అనుసరించడమే దాని పని.

ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) ఈ వరసను మార్చినవారిలో ముఖ్యులు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయి, ఆచార్యులుగా నియమితులయ్యారు. 1936లో ప్రిన్సిపాలయ్యారు. 1938లో వేలూరులో ఫిడేలునే ప్రధానంగా చేసి కచేరీ చేశారు. 1941లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన ప్రతిభను తక్కువ చేయడం కాదు గాని, గాయకుని పిలుపు మీద ఆధారపడని నెలజీతం కూడా ఈ స్వాతంత్ర్యానికి ఊతమిచ్చిందని గుర్తించాలి.

అమెరికాలో జాజ్ పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ సంగతి వేరు. 1951లో అరెస్టయిన ఈ నల్లజాతి కళాకారుని అనుమతి కార్డును అధికారులు రద్దు చేశారు. 1957 దాకా న్యూయార్కు క్లబ్బుల్లో వాయించే హక్కు లేకపోయింది. ఆ నిషేధకాలంలోనే, 1954లో, పారిస్‌లో ఆయన ఒక్కడే పియానో ముందు కూర్చుని తొలి ఏకవాద్య ఆల్బం రికార్డు చేశాడు. సొంత ఊళ్లో మూసిన తలుపు పరాయి దేశంలో తెరుచుకున్నది.

ఇక మన ప్రాంతం. జగిత్యాలలో పాఠం చెప్పే నా ముందు కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు కూర్చుంటారు. ఒగ్గు కథ వారికి కొత్త కాదు. చుక్క సత్తయ్య వంటి కథకుల పేరు చెప్పగలరు. ఆ కథకు డోలు కొట్టినవారి పేరు అడిగితే తరగతి మౌనం. ఈనాడు ఒగ్గుడోలు కథను విడిచి, విన్యాసంగా సభల్లో, ఊరేగింపుల్లో తానే ముందు నడుస్తున్నది. వాద్యం ముందుకు వచ్చింది. వాద్యకారుడు వచ్చాడా? నేను చూసిన సభల్లో అతిథుల పేర్లన్నీ చదివారు, డోలు కళాకారులను మాత్రం 'బృందం' అన్నారు.

ద్వారం వారికి ఉద్యోగం దొరికింది, మంక్‌కు తన పేరున రికార్డు దొరికింది. డోలు కళాకారునికి పూలదండ చాలదు. అతని వాదన అతని పేరుతో రికార్డు కావాలి, దాని ప్రతిఫలం అతని ఇంటికి చేరాలి. అప్పుడే ఆ వాద్యం నిజంగా పక్కస్థానం విడిచిందనవచ్చు.