స్ప్రెడ్‌షీట్‌లో చెదిరిన తెలుగు

యూనికోడ్ తెలుగులో ఉన్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు కనిపించే దోషం. డేటా చెడదు, చదివే పద్ధతే తప్పుతుంది.

యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవలనున్న తీరగ్రామం 'యారాడ' పేరే చూడండి: మూడు హల్లులు, రెండు దీర్ఘాలు, మొత్తం 15 బైట్లు. ఎక్సెల్ దీన్ని విండోస్-1252 సంకేతపట్టికతో బైటుకో గుర్తు చొప్పున చదివితే గడిలో 15 గుర్తులు పడతాయి. నెత్తిన గీత ఉన్న రోమన్ 'ఎ', పక్కనే డిగ్రీ సున్న, ఈ జంట పదేపదే కనిపిస్తే జబ్బు ఇదే.

ఫైలును డబుల్ క్లిక్‌తో తెరవకుండా, డేటా మెనూలోని టెక్స్ట్/సీఎస్‌వీ దిగుమతి ద్వారా తెచ్చి '65001: యూనికోడ్ (యూటీఎఫ్-8)' ఎంచుకోవాలి. లిబ్రెఆఫీస్ కాల్క్ తెరిచేటప్పుడే సంకేతపద్ధతి అడుగుతుంది. ఈ విషయంలో అదే నయం. చెదిరిన రూపాన్ని మాత్రం సేవ్ చేయకూడదు, అప్పుడు నిజంగానే చెడుతుంది.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే లోపం ఫాంటుది. గౌతమి వంటి యూనికోడ్ ఫాంటు పెడితే సరిపోతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత పట్టికలకు ఈ చిట్కాలేవీ పనిచేయవు, వాటిని యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.