బైండు కట్టిన బొమ్మల కథలు: చదువరి విలువ, బజారు విలువ

ఒక వస్తువు మారకపు విలువ పెరిగినకొద్దీ దాని ఉపయోగపు విలువ ఏమవుతుంది? ఈ ప్రశ్నకు అమెరికాలోని బొమ్మల కథల పత్రికల చరిత్ర చక్కని సమాధానం చెబుతుంది. అక్కడ "కామిక్సు" అని పిలిచే ఈ సంచికలను కొందరు పాఠకులు పదీ ఇరవై కలిపి గట్టి అట్టతో బైండు చేయించుకున్నారు. చదువరి దృష్టిలో ఆ సంపుటానికి విలువ పెరిగింది. సేకర్తల బజారులో మాత్రం పడిపోయింది. ఈ వైరుధ్యానికి మూలం ఆ సంచికల పుట్టుకలోనే వున్నది.

1938 జూన్ తేదీతో "యాక్షన్ కామిక్స్" మొదటి సంచిక వెలువడింది. వెల 10 సెంట్లు. సూపర్‌మాన్ అందులోనే లోకానికి పరిచయమయ్యాడు. ఆ పాత్రను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులకు హక్కులన్నిటికీ కలిపి ముట్టినది 130 డాలర్లు. ముతక కాగితం, మడత మీద రెండు పిన్నులు: చదివి పారవేయడానికే తయారైన సరుకు అది. పిల్లలు చేతులు మార్చుకుని నలిగేదాకా చదివారు. 1941 చివర అమెరికా యుద్ధంలో దిగాక, పాత కాగితం పోగుచేసే ఉద్యమంలో గుట్టలుగా పోయినాయి. 1948లో న్యూయార్కు రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో బహిరంగంగా తగలబెట్టారు. 1954లో ఫ్రెడరిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు ఇవి పిల్లలను నేరాలకు పురికొల్పుతున్నాయని పుస్తకం రాశాడు. ఆ ఏడే సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది.

ఇన్ని గండాలు గడిచి మిగిలినవి తక్కువ. బజారు కన్ను ఆ తక్కువతనం మీద పడింది. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల పట్టిక వచ్చింది. 2000 నుంచి సీజీసీ అనే సంస్థ సంచికను పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తున్నది. 2024లో ఆ తొలి సంచిక ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. పెట్టె తెరిస్తే ఆ అంకె చెల్లదు. కొన్నవాడికి కనిపించేది ముందు అట్ట, వెనుక అట్ట మాత్రమే.

మరి సృష్టికర్తల మాట? 1975లో ప్రజాభిప్రాయానికి తలొగ్గి వార్నర్ సంస్థ వారికి చెరొక 20,000 డాలర్ల వార్షిక భృతి ఇవ్వడానికి, వారి పేర్లు వేయడానికి ఒప్పుకున్నది. ఆ 130 డాలర్లు చేరివున్న 1938 నాటి చెక్కు కాగితం 2012 వేలంలో లక్షా 60 వేల డాలర్లు పలికింది. శ్రమకు ఇచ్చిన కూలి కంటె కూలి ఇచ్చిన కాగితమే ఎక్కువ ఖరీదయింది!

ఇక బైండరు చేసే పని చూద్దాం. పిన్నులు పీకుతాడు. వీపు పక్కన కుడతాడు, లేదా జిగురు పూస్తాడు. మూడు వైపులా అంచులు కోసి సమం చేస్తాడు. పదిమంది చేతుల్లో పుస్తకం నిలవాలంటే ఇవి అవసరం. బజారుకు మాత్రం ఇందులో ప్రతి ఒక్కటీ గాయమే. కుట్టు విప్పినా కోసిన అంచు తిరిగి రాదు గనుక, సాధారణంగా అలాంటి ప్రతి విడి ప్రతి ధరకు దరిదాపుల్లోకి రాదు. అయితే ప్రచురణ సంస్థ తన కార్యాలయం కోసం కట్టించుకున్న సంపుటమైతే గిరాకీ వుంటుంది. కుట్టు అదే, కోత అదే, మారినది యజమాని.

బైండు చేస్తే చారిత్రక సాక్ష్యం చెడుతుంది గదా అని ఒక ఆక్షేపణ వుంది. కొంతవరకు నిజమే. పై అట్టలు, ప్రకటనలు తీసివేసి కట్టిన సంపుటంలో ఆనాటి సంఘం సగం కనపడదు. పుల్లకాగితం పసుపెక్కి పెళుసవడాన్ని అట్ట ఆపలేదు కూడా. కాని దానికి మందు పుట ఏదీ తీయకుండా, అంచు కోయకుండా కట్టించడం. ఎవరూ తెరవలేని పెట్టె సాక్ష్యాన్ని దాస్తుందే గాని పలికించదు.

ఈ సంగతి తెలుగువారికి కొత్తదేమీ కాదు. వారపత్రికల నుంచి సీరియళ్ళు చించి, వరస పెట్టి కుట్టించుకున్న ఇళ్ళు మనకెన్నో. 1947 జూలైలో మొదలైన "చందమామ" అచ్చమైన కామిక్సు పత్రిక కాకపోయినా, బొమ్మలతో సహా ఏడాదికొక బైండుగా ఎన్నో ఇళ్ళలో నిలిచింది. పుస్తకరూపం పొందని రచనలకు అలాంటి బైండులే దిక్కు. ఆ పత్రిక ఆగిపోయాక మన పాత సంచికలకూ ధరలు కట్టేవారు తయారైనారు.

కనుక ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేయవలసిన పని ఒకటుంది. ఊళ్ళో, కళాశాలలో ఉన్న బైండులకు జాబితా రాయాలి: ఏ సంచికలున్నాయి, ఏ పుటలు పోయినాయి అని. వాటిని పాతసామాను కొట్టుకు పోనీయక గ్రంథాలయానికి చేర్చాలి. బజారులో వాటికి ధర రాకపోవడం ఒక విధంగా మనకు మేలే. డబ్బులేని పాఠకుడికి ఇప్పటికీ అందేవి అవే.