ఎన్నికల చందాలో మిగిలిన పైకము



మా పల్లెలో శ్రీరామనవమి పందిటికి చందా వసూలు చేయుట చిన్ననాట పలుమారు చూచితిని. పండుగ ముగిసిన మరునాడు పెద్దలు రచ్చబండ కడ గూర్చుండి జమాఖర్చు చదివి వినిపించెడివారు. మిగిలిన పైకమును గుడి దీపమునకో, మరుసటి యేటికో నిలిపెడివారు. ఎన్నికలకిచ్చిన చందా సంగతి యట్లు గాదు. ఓట్లు లెక్కించుటతో ఆ మాట మరుగున పడును. మిగిలిన సొమ్మెచ్చటికి బోవును? మన నల్లగొండ చరిత్రతోడనే దీనిని విచారింతము.

ఎన్నికల సొమ్ములో చట్టము తప్పక వెంటాడు భాగ మొకటి కలదు. అది ధరావతు, అనగా డిపాజిటు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము లోకసభ అభ్యర్థికి 500 రూపాయలు, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని అందు సగము విధించెను. చెల్లిన ఓట్లలో ఆరవవంతునకు మించి రానిచో, ఓడినవానికి ఆ పైకము దక్కదు. ప్రభుత్వ ఖజానాలో కలియును. 1952లో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు మూడు లక్షలకు మించిన ఓట్లు పొంది, ఆ లెక్కలో నెహ్రూగారిని సైతము మించి గెలిచిరి.

1996లో ఆ నల్లగొండలోనే 480 మంది అభ్యర్థులు నిలిచిరి. అటు పాలమూరునకు, ఇటు నల్లగొండకు దక్షిణపు టంచున కృష్ణ పారుచుండెను. అయినను మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల బావులలో ఫ్లోరైడు నీరే గతి. ఆ నీరు త్రాగి పండ్లు గారపట్టినవారు, ఎముకలు వంగి నడువలేనివారు పెక్కండ్రు. మొర లాలకించువారు లేక, జల సాధన సమితి యుద్యమమున వారు నామినేషన్లు వేసిరి. ఓటుపత్రము పుస్తకమంత యయ్యెను. బొమ్మగాని ధర్మభిక్షంగారు గెలిచిరి. 477 మందికి ధరావతు దక్కలేదు. తలకు 500 చొప్పున లెక్కించినను అది 2,38,500 రూపాయలకు మించదు. అది గెలుపునకై పెట్టిన పైకము గాదు. తమ గోడు దేశమునకు వినిపించుటకై పెట్టినది. దానిని నేను నష్టమనజాలను.

ఆ యేటనే చట్టము మారెను. ధరావతు 10,000 రూపాయ లయ్యెను; 2010 నుండి 25,000. గుర్తింపు పొందిన పక్షమునకు జెందని అభ్యర్థికి పదుగురు ప్రతిపాదకులు కావలసివచ్చిరి. బీదరైతు ఆ దారి మరల త్రొక్కుట కష్టమాయెను.

ధరావతునకు ఇంత కచ్చితమైన లెక్క యుండగా, చందా మిగులున కేది? ఫలితము వెలువడిన 30 దినములలో అభ్యర్థి వ్యయపు లెక్క నొప్పగింపవలెను. తప్పినచో మూడేండ్లు అనర్హుని జేయవచ్చును. కాని చట్టములోని 77వ సెక్షను అడుగునది ఖర్చు లెక్క. మిగులును దాతలకు మరల నిమ్మని యందు లేదు. అమెరికా దేశమున కాంగ్రెసు అభ్యర్థులు మిగులును సొంతమునకు వాడుకొనరాదు. ధర్మసంస్థలకో, తమ పక్షమునకో ఇయ్యవచ్చును. అచ్చట గూడ పాత సభ్యుల కుండిన సడలింపును తొలగించుటకు 1989 దాక పట్టెను.

కావున పెద్దలారా, చట్టము అడుగనిచోట మనమే అడుగవలెను. చందా చేతికిచ్చునాడే, “అయ్యా, ఎన్నిక ముగిసిన పిమ్మట రచ్చబండ కడ జమాఖర్చు చదువుదువా?” యని యడుగుడు. రాముని పందిటికి అడిగిన ప్రశ్నయే యిది. నల్లగొండ బీదలు దక్కదని తెలిసియే తమ పైకము నర్పించిరి. మన పైకము ఎచ్చటికి బోయెనో తెలిసికొనుట మన హక్కు.